ముందుగది కిరాయి

పోయినవన్నీ ముందే చెప్పేస్తాను. నారాయణగూడ హాలుకు ఇచ్చిన బయానా నలభై వేలు. ఇరవై ఒక్క వేల ఆరు వందలకు కొన్న ఇనుప ర్యాకులు పన్నెండు వేలకు అమ్మితే, పోయింది తొమ్మిది వేల ఆరు వందలు. కాటా మీద పద్ధెనిమిది వందలు. నంబర్లు కొట్టించిన అల్యూమినియం బిళ్ళలు నూట ఇరవై, ఒక్కోటి పన్నెండు రూపాయలు, మొత్తం పధ్నాలుగు వందల నలభై. వాటిని ఎవరూ కొనరు, బీరువా కింద డబ్బాలో ఉన్నాయి. కరపత్రాలకూ ఫ్లెక్సీలకూ మూడు వేల నూట అరవై. తాళాలు, కలరా ఉండలు, ప్లాస్టిక్ పట్టాలు కలిపి పంతొమ్మిది వందలు. చాయ్‌లకు రెండు వేల నాలుగు వందలు. మొత్తం అరవై వేల మూడు వందలు. వచ్చిన ఆదాయం ఆరు వేల మూడు వందల యాభై. తీసేస్తే పోయింది యాభై మూడు వేల తొమ్మిది వందల యాభై.

డబ్బు కానివి కూడా ఉన్నాయి. నా భార్య దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు కొందరు రావడం మానేశారు. పదకొండు మంది అంటుంది ఆమె. నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడుగురే తేలుతున్నారు. పడుకోగానే నిద్రపట్టే అలవాటు ఒకటి ఉండేది, అదీ పోయింది.

ముందుగది కిరాయి ఇందులో కలపలేదు. ఇవ్వని డబ్బు పోయినట్టు కాదు.

నాకు నలభై ఏడో ఏడు నడుస్తుండగా, ఇరవై మూడేళ్ళు పనిచేసిన పార్సెల్ ఆఫీసు మూతపడింది. నేను అక్కడ బుకింగ్ క్లర్కును. వచ్చిన సరుకు ఎన్ని మూటలు, ఎన్ని పెట్టెలు, ఏది ఎక్కడికి, ఇది నా పని. ఇంటర్ తప్పినవాణ్ణి. వ్యాపారం లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. చిక్కడపల్లి లైబ్రరీలో ఆదివారాలు కూర్చుని, పుస్తకాల్లో చూసి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నాను. అందుకేనేమో, నేర్చుకున్నది ఎక్కడైనా వాడి చూడాలని లోపల ఎప్పుడూ ఒక దురద.

ఆఫీసు వాళ్ళు లెక్క తేల్చి మూడు లక్షల అరవై వేలు చేతిలో పెట్టారు. మాకు అంతకు మించి ఇంకేమీ లేదు. చిక్కడపల్లి సందులో కిరాయి ఇల్లు: ముందుగది, నడిమిగది, వంటగది, ముందు చిన్న వరండా. ముందుగదిలో నా భార్య కుట్టుమిషను. నా జీతం ఆగిన నెల నుంచి ఇంటి కిరాయి పదమూడు వేల అయిదు వందలూ ఆ మిషను మీదే వెళ్తోంది.

పని లేని మనిషికి సాయంత్రాలు గడవవు. నేను నడిచేవాణ్ణి. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్, అక్కడి నుంచి నారాయణగూడ, మళ్ళీ ఇంటికి. మే నెలలో ఒక సాయంత్రం అశోక్ నగర్‌లో గాలివాన పట్టుకుంది. ఒక పుస్తకాల షాపు చూరు కింద నిలబడ్డాను. పక్కనే సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివే, గడ్డం పెంచిన ఒక అభ్యర్థి, ముప్పై దాటి ఉంటాడు, ఒక రేకుపెట్టె, రెండు అట్టపెట్టెలు, చుట్టిన పరుపుతో నిలబడి ఉన్నాడు. వాన జల్లు పడకుండా పరుపును కాళ్ళతో లోపలికి నెడుతున్నాడు.

"ఏంది తమ్మీ, ఖాళీ చేసినవా?" అన్నాను.

"పరీక్ష వాయిదా పడ్డది అన్న. మూడు నెలలు ఉత్తగ మంచం కిరాయి ఎవలు కడ్తరు? ఊరికి పోత."

"మరి గీ సామాను?"

"అదే పరేషాన్. బస్సుల లగేజీ టికెట్ కొడ్తడు. మల్ల రాంగ మల్ల కొడ్తడు. పుస్తకాల కన్న బస్సుకే ఎక్కువైతది."

ఆటో మాట్లాడి ఆ సామానంతా మా వరండాలో పెట్టించాను. అతను నా ఫోన్ నంబరు రాసుకుని, జనగామ బస్సుకు పరుగెత్తాడు. ఆటో మా ఇంటికి చేరేలోపే నా తలలో లెక్క మొదలైపోయింది. అశోక్ నగర్‌లో హాస్టళ్ళు ఎన్ని, మంచాలు ఎన్ని, ఒక పరీక్ష వాయిదా పడితే ఎన్ని పెట్టెలు రోడ్డు మీదికి వస్తాయి, పెట్టెకు నెలకు రెండు వందలంటే ఎంత. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా వేళ్ళతో కంచం అంచు మీద లెక్క వేస్తుంటే నా భార్య చూసింది.

"అన్నం తిని లెక్కపెట్టు. లేకుంటె లెక్కపెట్టి తిను. రెండు ఒక్కసారి చేస్తే రెండు తప్పయితయి."

నారాయణగూడలో నేను రోజూ దాటే ఒక పాత హాలు ఉంది. ఒకప్పుడు ప్రెస్సు. మిషన్లు అమ్మేశాక ఖాళీగా ఉంది. ఓనరు డెబ్భై దాటిన పెద్దాయన. వాళ్ళ నాన్నగారు యాభై ఆరులో గుంటూరు నుంచి వచ్చి ఆ ప్రెస్సు పెట్టారు. ఈయన చిన్నప్పటి నుంచి ఇక్కడే పెరిగినా ఇంట్లో మాట గుంటూరుదే. కిరాయి నెలకు ముప్పై వేలు, అడ్వాన్సు పది నెలలది. అంటే మూడు లక్షలు.

"గోడౌను కింద వాడుకుంటారా? మంచిదే. తడి లేదు, ఎలకలు లేవు. ఆ ఎలకలకి కూడా తినడానికేం మిగల్లేదు లెండి," అని నవ్వారాయన. "కానీ అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. దసరా దాకా ఆపమంటే ఆపుతాను. బయానా నలభై వేలు. మీరు వద్దంటే మాత్రం అది నాది."

కిరాయి, వాచ్‌మన్, కరెంటు, చిల్లర కలిపి నెలకు నలభై అయిదు వేలు ఖర్చు. పెట్టెకు రెండు వందలైతే రెండు వందల ఇరవై అయిదు పెట్టెలు ఉంటే తప్ప ఖర్చుకు సరిపోదు. హాల్లో నాలుగు వందలు పడతాయి. కాగితం మీద బాగానే ఉంది. బయానా ఇచ్చి వచ్చి, ఆ తర్వాత ఇంట్లో చెప్పాను. వరస అలా అయింది.

ఆమె కత్తెర కింద పెట్టింది. "ఉన్నయే మూడు లక్షల అరువై. మూడు లక్షలు ఒక్కసారి పెడతవా? ఎవరన్న వస్తరో రారో ఎరుకేనా?"

"అందుకే దసరా దాకా టైం తీసుకున్న. ముందు అడిగి చూస్త."

"అడుగుడు కాదు, పెట్టి చూడు. గీ ముందుగదిల పెట్టు. నిండిందనుకో, పో, హాలు తీస్కో. నిండలేదనుకో, బయానాతోని పోతది."

"మరి నీ మిషను?"

"వరండాల ఏస్కుంట. కాని కిరాయి ఇయ్యాలె."

"ఎవలికి?"

"నాకే. ఇంటి కిరాయి ఇప్పుడు ఎవలు కడ్తున్నరు?"

ఆమె నవ్వుతూనే అంది కానీ నాకు ఆ మాట నచ్చింది. గది ఊరికే వచ్చిందనుకుంటే లెక్క అబద్ధమవుతుంది. ముందుగది ఇంట్లో మూడో వంతు. పదమూడు వేల అయిదు వందల్లో మూడో వంతు నాలుగు వేల అయిదు వందలు. ఖర్చుల్లో మొదటి వరసలో అదే రాశాను. ఆమెకు చూపించాను కూడా. "రాసినవు మంచిగనే," అంది.

పెట్టి చూడమని ఆమె అన్నా, నేను అడగడం మానలేదు. ర్యాకులు తయారయ్యేలోపు అశోక్ నగర్‌లో చాయ్ బండ్ల దగ్గర నిలబడి రెండు వందల మందిని అడిగాను. ఒక్కొక్కరికీ చాయ్ ఇప్పించి, నిలబడి, మెల్లగా చెప్పేవాణ్ణి: మీ పెట్టెలు భద్రంగా ఉంటాయి, చెదలు పట్టవు, నంబరు బిళ్ళ ఇస్తాం, నెలకు రెండు వందలు, పెడతారా?

"పక్కా పెడ్తం అన్న."

"మస్తు ఐడియా అన్న. ఎప్పుడు ఓపెన్ చేస్తున్రు?"

"మా రూముల నలుగురున్నం, నలుగురం పెడ్తం. రాస్కో అన్న."

రెండు వందల్లో నూట అరవై నాలుగు మంది సరే అన్నారు. నేను అంత అమాయకుణ్ణి కాదు. అందులో సగం ఉత్త మాటలనుకుని తీసేశాను. మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేశాను. నలభై ఒకటి మిగిలింది. ముందుగది ర్యాకుల్లో అరవై పెట్టెలు పడతాయి. దసరాలోపు నలభై నిండితే హాలు తీసుకోవాలి, లేకపోతే వద్దు. ఇలా గీత గీసుకున్నాక గుండె నిమ్మళించాలి కదా. నిమ్మళించలేదు.

మొదటి నెల నాలుగు పెట్టెలు వచ్చాయి. అందులో మూడు ఆ గడ్డం అభ్యర్థివే. రెండో నెల ఏడు. మూడో నెల ఎనిమిది. సందులో ఆటో ఆగిన చప్పుడైతే లేచి నిలబడేవాణ్ణి. అది ఎదురింటివాళ్ళ గ్యాస్ సిలిండరు అయ్యేది, లేకపోతే భార్య దగ్గరికి బ్లౌజు కొలతలకు వచ్చినవాళ్ళు. ఇంట్లో ఉంటే వీధిలో ఏదో జరుగుతున్నట్టు, వీధిలో ఉంటే ఇంటికి ఎవరో పెట్టె తెచ్చి తిరిగి వెళ్ళిపోయినట్టు ఉండేది. నారాయణగూడ వెళ్ళి హాలు తాళం చూసి వచ్చేవాణ్ణి. అది అక్కడే ఉండేది, ఇంకేం చేస్తుంది. ఒకసారి ఓనరుగారు చూసి, "తాళం బాగానే ఉందా?" అన్నారు.

జూలై చివర పరీక్షకు కొత్త తేదీ వచ్చింది. గడ్డం అభ్యర్థి ఊరి నుంచి తిరిగి వచ్చాడు. అతని సామాను ఆటోలో వేసుకుని నేనే అతని హాస్టలుకు తీసుకెళ్ళాను. మూడో అంతస్తు. రేకుల గది, నాలుగు మంచాలు. పెట్టె ఎక్కడ పెట్టాలా అని వంగి చూస్తే మంచాల కింద జాగా లేదు. రేకుపెట్టెలు, అట్టపెట్టెలు, గోనెసంచులు, తాడుతో కట్టిన గ్లాసులు, ఒక కుక్కరు. మార్కర్ పెన్నుతో వాటి మీద పేర్లు, ఊర్లు.

"ఇవన్ని నీవేనా?"

"నావి కాదన్న. పోయినోళ్లవి. మల్ల నోటిఫికేషన్ వస్తే వస్తరు."

"కిరాయి?"

అతను మిగతా ముగ్గురి వైపు చూశాడు. నలుగురూ నవ్వారు.

"దోస్తుల దగ్గర కిరాయి ఏందన్న? మేము పోతే వాళ్ళ మంచం కింద పెడ్తం. వాళ్ళు పోతే మా మంచం కింద."

"మరి వాన పడ్డ రోజు నీ సామాను ఎవ్వల మంచం కింద పెట్టలె ఎందుకు?"

"ఆ నెల ఇక్కడున్నోళ్లం అందరం ఒక్కసారే ఖాళీ చేసినమన్న. పెట్టనీకి మంచమే లేకుండె. గట్ల ఏండ్లకు ఒకసారి అయితది."

మిగతా ముగ్గురిలో ఒకణ్ణి నేను గుర్తుపట్టాను. చాయ్ బండి దగ్గర 'నలుగురం పెడ్తం, రాస్కో అన్న' అని చెప్పింది అతనే.

"నువ్వు పక్కా పెడ్త అన్నవు కద తమ్మీ?"

అతను తల గోక్కున్నాడు. "మీరు చాయ్ తాపిచ్చిన్రు కదన్న. చాయ్ తాగి ఎదురుంగ నిలబడి, పెట్టను పో అని ఎట్ల అంటం? మంచిగనిపియ్యది కద."

మెట్లు దిగుతుంటే లెక్క తనంతట తనే వచ్చింది. గదికి నాలుగు మంచాలు, మంచం కింద మూడు పెట్టెలు. నేను ఊరంతా గోడౌన్ల రేట్లు కనుక్కున్నాను, ప్యాకర్ల రేట్లు, రైల్వే క్లోక్‌రూం రేట్లు కనుక్కున్నాను. అశోక్ నగర్‌లో మంచాల కింద ఉన్న జాగాను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. దాని రేటు సున్నా. సున్నాతో ఎవరు పోటీపడతారు?

అప్పుడే ఆపేసి ఉంటే పోయేది తక్కువ. కానీ ఆగస్టులో ఇంకోటి కనిపించింది. ర్యాకుల కింది అరల్లో పగటిపూట బ్యాగులు ఉంటున్నాయి. వానలు పట్టుకున్నాయి. లైబ్రరీలో చదువుకునే అమ్మాయిలు కొందరు నా భార్య దగ్గర డ్రెస్సులు సైజు చేయించుకుంటారు. వాళ్ళు పుస్తకాల సంచి ఇక్కడ పెట్టి, మధ్యాహ్నం మెస్సుకు వెళ్ళి, క్లాసుకు వెళ్ళి, సాయంత్రం తీసుకుపోతున్నారు. ఆ సంచుల్లో ఒకటి కాటా మీద పెట్టి చూశాను. తొమ్మిది కిలోలు.

జనానికి కావలసింది నెలల తరబడి పెట్టె పెట్టుకునే చోటు కాదు, పగలు బరువు దించుకునే చోటు. బ్యాగుకు రోజుకు పది రూపాయలు. మా గదిలో రోజుకు ముప్పై వచ్చాయనుకుంటే, హాలు మా గదికి అయిదింతలు, అంటే నూట యాభై. నూట యాభై పదులు పదిహేను వందలు, నెలకు నలభై అయిదు వేలు. సరిగ్గా ఖర్చుకు సరిపోయే అంకె. నేను వరండాలో మిషను పక్కన నిలబడే ఈ లెక్క ఆమెకు చెప్పాను.

"ఇగ నుంచి బ్యాగు పెట్టినోళ్లకు బిళ్ళ ఇయ్యి, పది రూపాయలు తీస్కో. గల్లాల వెయ్యి. నువ్వు ఎట్లనో ఈడనే కూసుంటవు."

"పోరగాండ్ల దగ్గర పది రూపాయలా?" అంది మిషను ఆపకుండా.

"చాయ్‌కి పన్నెండు ఇస్తలేరా?"

"సరే తియ్, చూద్దాం."

కొత్త ఫ్లెక్సీ కట్టించాను. మర్నాటి నుంచి సాయంత్రం ఇంటికి రాగానే, డబ్బాలో లేని బిళ్ళలు ఎన్నో, ఆ రోజు తిరిగి వచ్చి పక్క గిన్నెలో పడినవి ఎన్నో లెక్కపెట్టి గోడకున్న క్యాలెండరు గళ్ళలో రాసేవాణ్ణి. మొదటి రెండు రోజులు పదహారు, పద్ధెనిమిది. తర్వాత ఇరవై నాలుగు. సెప్టెంబరు వచ్చేసరికి ముప్పై, ముప్పై నాలుగు, ముప్పై ఒకటి. అమ్మాయిలకు తోడు అబ్బాయిలు కూడా వస్తున్నారు. ఒకరిద్దరు దోస్తుల్ని తీసుకొస్తున్నారు. మళ్ళీ నారాయణగూడ దాకా నడవడం మొదలుపెట్టాను, ఈసారి హాలు కొలతలతో. ర్యాకులు ఏ గోడకు పెట్టాలి, కౌంటరు ఎక్కడ, జనం వరస ఎక్కడ. నడుస్తూ నాలో నేను మాట్లాడుకుంటున్నానని కూరగాయల బండామె నా భార్యతో చెప్పిందట.

గల్లా మాత్రం నేను తెరవలేదు. ఇది ఎవరైనా నమ్ముతారో లేదో. పార్సెల్ ఆఫీసులో నా కిటికీ వేరు, డబ్బు కిటికీ వేరు. ఇరవై మూడేళ్ళు నేను మూటలే లెక్కపెట్టాను. మూటల లెక్క సరిపోతే డబ్బు దానంతట అదే సరిపోయేది, ఎందుకంటే డబ్బు కట్టనిదే మూట నా దాకా వచ్చేది కాదు. బిళ్ళ ఉందంటే పది రూపాయలు ఉన్నట్టే అనుకున్నాను. నెలకోసారి గల్లా తీస్తే చాలనుకున్నాను.

దసరాకు వారం ముందు, మర్నాడు హాలు ఓనరు దగ్గరికి చెక్కు తీసుకెళ్ళాలని, మధ్యాహ్నం క్యాలెండరు గళ్ళలోని అంకెలన్నీ కూడి చూశాను. నలభై రోజులు, పదకొండు వందల ఎనభై నాలుగు బ్యాగులు. గల్లాలో పదకొండు వేల ఎనిమిది వందల నలభై ఉండాలి. తీసి పరుపు మీద పోశాను. తొమ్మిది వందల పది రూపాయలు.

మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిది వందల పదే.

వరండాలోకి వెళ్ళి, "మిగతా పైసలు ఎక్కడ పెట్టినవు?" అన్నాను.

"ఏ మిగతా?"

"పదకొండు వేలు ఉండాలె గల్లాల."

ఆమె పాదం మిషను మీద ఆగింది. "అందరి దగ్గర ఎట్ల తీస్కుంట? ఇయ్యగల్గినోళ్లు ఇచ్చిన్రు. ఇస్త అన్నోళ్ల దగ్గర తీస్కున్న. ఆ పిల్లలు పొద్దుగాల తినకుంట వచ్చి, పగలు ఒక్కపూట మెస్సుల తింటరు. బ్యాగు పెట్టుకోనీకి పది రూపాయలు ఇయ్యిమని నా నోటికి రాలె."

"మరి బిళ్ళలెందుకు ఇచ్చినవు?"

"బ్యాగులు కలిసిపోతయని. నల్ల బ్యాగులే అన్ని."

నాకు కోపం వచ్చింది. నా గొంతు సందులోకి వినిపించి ఉంటుంది. "ఇది పరీక్ష! ఊరికే పెట్టుకుంటరా అంటే ఎవలైన పెట్టుకుంటరు. పైసలిచ్చి పెట్టుకుంటరా అన్నదే నాకు తెల్వాలె. నువ్వు మొత్తం ఆగం చేసినవు. రేపు మూడు లక్షలు పెడ్తుంటి నేను, ఎరుకేనా?"

"నాకేం ఎరుక? నువ్వు రోజూ వచ్చి బిళ్ళలే లెక్కపెడ్తివి. పైసలు అడిగినవా ఒక్కనాడన్న?"

నేను లోపలికి తిరిగి గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

"ఇంకోటి," అంది ఆమె, దారం కొరుకుతూ. "గదికి కిరాయి ఇచ్చినవా?"

"రాసిన కద."

"రాస్తే ఇచ్చినట్టేనా? అయిదు నెలలైంది. కిరాయి ఇయ్యని గది నాదే. నా గదిల నా ఇష్టమొచ్చినోళ్ల బ్యాగులు పెట్టుకుంట. పది తీస్కుంటనో, ఉత్తగ పెడ్తనో, నీకెందుకు?"

కిరాయిని ఖర్చుల్లో మొదటి వరసలో రాసింది నేనే. ఇవ్వని కిరాయి ఖర్చు కాదు, అప్పు. అప్పు ఉన్నవాడు గదికి యజమాని కాడు.

అయినా మనసు ఊరుకోలేదు. దసరాకు ఇంకా వారం ఉంది. అసలు సంగతి తేల్చాలని మర్నాడు గల్లా దగ్గర నేనే కూర్చున్నాను. ఆమె వద్దంది, వినలేదు. మిషను ఆపి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. వాన తుంపర. చున్నీలు తల మీదికి లాక్కుని ఉన్నారు.

"ఆంటీ లేరా అంకుల్?"

"లోపలున్నది. బ్యాగుకు పది రూపాయలమ్మా."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "రోజూనా అంకుల్?"

"రోజూనే."

"అవునా అంకుల్. సరే అంకుల్," అంది పెద్దది, ఎంతో మర్యాదగా. అని, బ్యాగు మళ్ళీ భుజానికి తగిలించుకుంది. రెండోది అప్పటికే మెట్లు దిగింది. ఆ రోజు నలుగురు డబ్బులిచ్చి పెట్టారు. గల్లాలో తొమ్మిది వందల యాభై అయింది. మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. నాకు కావలసిన అంకె వచ్చేసింది. ముప్పైలో నాలుగు, ఆ తర్వాత సున్నా.

ఆమె కుట్టి ఉంచిన డ్రెస్సులు అలాగే ఉండిపోయాయి. కొందరు దోస్తుల్ని పంపి తెప్పించుకున్నారు. కొత్త బట్ట ఎవరూ తేలేదు. పదకొండా, ఏడా అన్న తగవు ఇక్కడ మొదలైంది. ఆ వారమంతా లోపల పప్పు గుత్తితో మెదిపే చప్పుడు మామూలుకన్నా ఎక్కువసేపు వినిపించేది.

గడువు రోజు హాలు ఓనరు దగ్గరికి వెళ్ళాను. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు.

"రండి రండి. చెక్కు తెచ్చారా?"

"లేదండీ. హాలు వద్దనుకున్నాను."

ఆయన పేపరు మడిచి తొడ కింద పెట్టుకున్నారు. "అదేంటండీ, అయిదు నెలలు రోజూ వచ్చి తాళం చూసుకుని వెళ్ళారు! ఇంతకన్నా ప్రేమగా పెళ్ళికూతుర్ని కూడా ఎవరూ చూడరు."

"గిరాకీ లేదని తేలింది."

"ఎంతమందిని చూసి చెబుతున్నారు? మీ ఒక్క గదిలో చూశారు. ఇది నారాయణగూడ, మెయిన్ రోడ్డుకి దగ్గర. ఇంకో నెల ఆపమంటే ఆపుతాను, పది వేలు కట్టండి. ఆ పదీ కిరాయిలో తగ్గించుకుందాం."

నా చెయ్యి జేబు వరకూ వెళ్ళింది. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. నేను చూసింది ఒక్క గదే. మా గదిలో పనికిరానిది ఇక్కడ పనికిరావచ్చు. అంతకుముందు నేను కూడా అదే మాట ఇంకోలా అనుకున్నాను: గది అయిదింతలైతే మనుషులు కూడా అయిదింతలవుతారని. ఆ లెక్క ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. కాగితం మీద సరిగ్గా కూర్చుందని నమ్మాను.

"వద్దండీ," అన్నాను. రెండోసారి అనడం మొదటిసారికన్నా కష్టమైంది.

"సరే. బయానా సంగతి మీకు తెలుసుగా."

"తెలుసండీ."

"కాఫీ తాగి వెళ్ళండి," అన్నారాయన. నలభై వేలు పోగొట్టుకుని ఆ కాఫీ తాగాను. కాదంటే బాగుండదని తాగాను. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక అశోక్ నగర్ కుర్రాడు తల గోక్కోవడం గుర్తొచ్చింది.

పండుగ తర్వాత ర్యాకులు ఒక పుస్తకాల షాపుకు అమ్మేశాను. కాటా పాతపేపర్ల దుకాణం అతను తీసుకున్నాడు. కుట్టుమిషను ముందుగదిలోకి తిరిగి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు వరండా మూలలో ఒక నల్ల బ్యాగు కనిపించింది. తర్వాత మూడు. నేను వాటిని లెక్కపెట్టకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను. ఇవాళ అయిదు ఉన్నాయి.

నారాయణగూడ హాలును వేరే అతను తీసుకున్నాడు. రీడింగ్ హాలు పెట్టాడు. లోపల వరసగా చెక్కపెట్టెల్లాంటి సీట్లు, ఏసీ, నెలకు ఇంత అని కిరాయి. ఒకసారి లోపలికి వెళ్ళి చూశాను. ప్రతి సీటు కింద తాళం వేసుకునే చిన్న అర ఉంది. దానికి విడిగా డబ్బు లేదు. సీట్లు దాదాపు నిండి ఉన్నాయి. అతను గెలిచాడా, కొన్నాళ్ళకు మూసేస్తాడా నాకు తెలియదు. నేను అడిగిన ప్రశ్న తప్పా, అడిగిన తీరు తప్పా అన్నది కూడా తేలలేదు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కాళ్ళు ఆగుతాయి. అద్దం తలుపులోంచి సీట్లు లెక్కపెట్టి, నిండినవెన్ని, ఖాళీవెన్ని చూసి, ఇంటికి వచ్చేదాకా అదే కూడుకుంటూ వస్తాను.

ఇప్పుడు అశోక్ నగర్‌లో రెండు పుస్తకాల షాపులకూ ఒక టిఫిన్ సెంటరుకూ లెక్కలు రాస్తున్నాను. గల్లా లెక్క ముందు చూసి, తర్వాతే సరుకు లెక్క చూస్తాను. ఒకటో తారీఖున డబ్బు రాగానే ఆమె చేతిలో అయిదు వందలు పెట్టి, "ముందుగది కిరాయి బాకీలోకి," అంటాను. ఆమె తీసుకుంటుంది. సాయంత్రానికి ఆ నోటుతోనే కూరగాయలో, పాలో, గ్యాసో వస్తాయి.

మొన్న అడిగాను. "ఇప్పటికి ఏడు సార్లు ఇచ్చిన. మూడు వేల అయిదు వందలు తగ్గినయి కద?"

"ఏ తగ్గినయి? టమాటలు ఎవలు తిన్నరు? నువ్వు కూడ తిన్నవు. అది ఇంటి ఖర్చు. కిరాయి పైసలు వేరే ఇయ్యాలె."

"మరి వేరే ఇచ్చినా నువ్వు టమాటలకే పెడ్తవు కద?"

"నా కిరాయి, నా ఇష్టం. టమాటలకు పెడ్తనో, దాచుకుంటనో."

నెలకు నాలుగు వేల అయిదు వందలు. అయిదు నెలలు. ఒక్క రూపాయి తగ్గలేదు. నేను ఆమెకు ఇవ్వాల్సింది ఇవాళ్టికి ఇరవై రెండు వేల అయిదు వందలు.